నూతిలోనా, బిందెలోనా? డిగ్రీలో ఉండగానే సొంతంగా బయోమెడికల్ ప్రాజెక్టు చేయడం ఎలా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కాలేజీల్లో మైక్రోబయాలజీ, జువాలజీ, బయోటెక్నాలజీ, ల్యాబ్ టెక్నాలజీ చదివే మన తెలుగు పిల్లలకు ప్రాజెక్టు అంటే ముందు సీనియర్ల పాత రిపోర్టే గుర్తొస్తుంది. ఆకు పేరు మార్చి, బ్యాక్టీరియా పేరు మార్చి మళ్లీ అదే కొట్టుకొస్తారు. యూజీసీ 2022 డిసెంబరులో తెచ్చిన నాలుగేళ్ల డిగ్రీ చట్రంలో మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆ పైన తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాది రీసెర్చ్ ఎంచుకోవచ్చు. ఒక్క ప్రాజెక్టుకే 12 క్రెడిట్లు ఉన్నాయి. అన్ని క్రెడిట్ల పనిని చివరి నెలలో గట్టెక్కించడం కుదరదు.

ఇక్కడ ఒకే ప్రాజెక్టును మొదటి నుంచి చివరి దాకా విప్పి చూపిస్తున్నాం. మీ విషయం వేరే కావచ్చు. అయినా లెక్కలు వేసే పద్ధతి, తప్పులు దొర్లే చోట్లు చాలావరకు ఇవే.

ఏం ఎంచుకోవాలి, ఏం వదలాలి

మన వైపు చాలామందికి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే వంశపారంపర్య జబ్బు) మీద చేయాలని ఉంటుంది. 2023 జులైలో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలయ్యాక ఆ ఆసక్తి పెరిగింది. మంచి విషయమే గానీ మొదటి ప్రాజెక్టుగా వద్దు. రక్తం తీయాలి, పూర్తి స్థాయి ఎథిక్స్ కమిటీ అనుమతి తేవాలి. సాల్యుబిలిటీ టెస్టులో మబ్బుగా కనబడితే వాహకమా, జబ్బా అన్నది తేలదు, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీతోనో ఎలక్ట్రోఫోరెసిస్‌తోనో ఖాయం చేసుకోవాలి. ఆరు నెలల లోపు పసిపిల్లల్లో జబ్బు ఉన్నా లేదని చూపించవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పెళ్లి కావలసిన ఆడపిల్లకు 'పాజిటివ్' అని చెప్పాక ఆ ఇంటికి కౌన్సెలింగ్ ఎవరిస్తారు? ఆ జవాబు లేకుండా సూది పట్టకూడదు.

ఆకు రసం పోసి పెట్రీ ప్లేటులో బ్యాక్టీరియా పెరగని వలయం కొలిచే ప్రాజెక్టు తేలిక కాబట్టే అందరూ చేస్తారు. రసం తీయడానికి వాడే ఇథనాల్‌ను ఉత్తగా పోసిన గుంటను పక్కన కంట్రోల్‌గా పెట్టకపోతే ఆ వలయం ఆకుదో ఇథనాల్‌దో చెప్పలేరు. పెట్టినా, చిక్కటి రసానికి వలయం వచ్చినంత మాత్రాన అది మందు అయిపోదు.

నీళ్ల మీద చేయండి. రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో 2007లోనూ, మళ్లీ 2022 జులైలోనూ కలరా వచ్చింది. నీటి ప్రశ్న మన జిల్లాలకు పుస్తకంలోది కాదు. కానీ 'గుణుపురం ప్రాంతంలో తాగునీటి నాణ్యత' అన్నది ప్రశ్న కాదు, అదొక బోర్డు. ప్రశ్న అంటే ఇలా ఉండాలి: బోరింగు దగ్గర ఇ. కోలై (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) లేని నీళ్లలోకి, అదే రోజు ఆ నీళ్లు తెచ్చుకునే ఇంటి బిందెలోకి చేరేసరికి ఇ. కోలై వస్తోందా? దీనికి అవును, కాదు అనే జవాబుంది. బస్సు దూరంలో దొరుకుతుంది. డిగ్రీ కాలేజీ ల్యాబు చాలు.

ఇక్కడే ఆగి అర పేజీ రాయండి. బిందె మురికి, బోరింగు శుభ్రం అని తేలితే ఏం అంటాను? రెండూ ఒకేలా ఉంటే? బోరింగే మురికి అయితే? మూడింటికీ చెప్పదగ్గ మాట ఉంటేనే ఆ ప్రశ్న పనికొస్తుంది. ఒక్క ఫలితం వస్తేనే రిపోర్టు రాయగలను అనిపిస్తే ప్రశ్న మార్చండి. కలరా క్రిమిని పట్టుకుందాం అనే ఉత్సాహం మాత్రం వద్దు. దానికి తగిన రక్షణ ఉన్న ల్యాబు కావాలి, ఆ పని భువనేశ్వర్‌లోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కేంద్రం లాంటివాళ్లది.

గైడు, అనుమతి

సొంతంగా చేయడం అంటే ఒంటరిగా చేయడం కాదు. గైడు సంతకం లేకుండా ఇంక్యుబేటర్ తాళం కూడా చేతికి రాదు. సార్ దగ్గరకు 'ఏదైనా టాపిక్ ఇవ్వండి' అని వెళ్లకుండా ఒక్క పేజీ పట్టుకెళ్లండి. పైన ప్రశ్న, కింద ఎన్ని శాంపిళ్లు, ఏ రోజుల్లో ల్యాబు కావాలి, ఏ పొడులు కొనాలి. సార్‌కు సమయం లేకపోయినా ఆ పేజీ మీద ఎర్ర ఇంకు పెట్టి ఇస్తారు, మీకు కావలసింది అదే. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంటులో ఒకరిని మొదటి వారంలోనే కలవండి. డేటా అంతా తెచ్చాక కలిస్తే ఓదార్చడం తప్ప వాళ్లు చేయగలిగింది ఉండదు.

నీళ్లే కదా, ఎథిక్స్ ఎందుకు అనుకోవద్దు. ఇంటికి వెళ్లి మనుషుల్ని ప్రశ్నలు అడిగిన క్షణం అది మనుషుల మీద పరిశోధనే. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ప్రమాదం తక్కువగా ఉన్న పనికి మినహాయింపు గానీ త్వరిత పరిశీలన గానీ దొరకవచ్చు, కానీ ఆ మాట చెప్పవలసింది కమిటీయే, మీరు కాదు. మీ కాలేజీలో కమిటీ లేకపోతే ఒప్పందం మీద మరో సంస్థ కమిటీకి పంపే వీలుంది. దీనికి వారాలు పడుతుంది కాబట్టి దరఖాస్తు ముందు పడేసి, ల్యాబు పనులు తర్వాత చూసుకోండి.

సమ్మతి పత్రం తెలుగులో, ఒడియాలో రాయించండి. గుణుపురం, పర్లాకిమిడి కొండ ఊళ్లలో సవర, రాయగడ వైపు కుయి, కువి మాట్లాడేవాళ్లు ఉంటారు. అక్కడ ఆ భాష వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లి చదివి వినిపించాలి. చదువు రానివాళ్ల దగ్గర వేలిముద్రతో పాటు మీ బృందానికి సంబంధం లేని సాక్షి సంతకం కావాలి. సర్పంచ్ ఒప్పుకున్నారంటే ఊళ్లోకి రానిచ్చారని మాత్రమే అర్థం. ప్రతి ఇంటి అనుమతి ఆ ఇంటిదే.

టెస్ట్ ట్యూబుల లెక్క

ప్రాజెక్టులు సైన్సు దగ్గర ఆగిపోవడం తక్కువ, సామాను దగ్గర ఆగిపోవడం ఎక్కువ. అందుకే లెక్క ముందు వేద్దాం. 40 బోరింగులు, ఒక్కోదానికి ఒక ఇల్లు, అంటే 80 శాంపిళ్లు. ఎంపీఎన్ పద్ధతిలో (ఎన్ని ట్యూబుల్లో బ్యాక్టీరియా పెరిగిందో చూసి నీళ్లలో ఎంత ఉందో అంచనా వేసేది) ఒక్కో శాంపిల్‌కు 15 ట్యూబులు: 10 మి.లీ. నీళ్లు పోసేవి ఐదు, 1 మి.లీ. పోసేవి ఐదు, 0.1 మి.లీ. పోసేవి ఐదు. మొత్తం 1,200 ట్యూబులు. ఏ కాలేజీ ల్యాబులోనూ అన్ని ఖాళీగా దొరకవు. కాబట్టి రోజుకు నాలుగు ఇళ్లు, ఎనిమిది శాంపిళ్లు, ఒక బ్లాంకు (క్రిములు లేని నీళ్లతో చేసే పరీక్ష). అప్పటికి 135 ట్యూబులు, అన్నే డర్హామ్ ట్యూబులు (లోపల వేసి గ్యాస్ పట్టే బుల్లి ట్యూబులు) చాలు. కడిగి మళ్లీ వాడుకుంటే పది విడతల్లో పని అయిపోతుంది.

బ్యాక్టీరియాను పెంచే ద్రవం, అంటే మీడియం లెక్క చాలామంది తప్పేది ఇక్కడే. 10 మి.లీ. నీళ్లు పోసే ట్యూబుల్లో 10 మి.లీ. మెకాంకీ బ్రాత్‌ను రెట్టింపు గాఢతతో చేయాలి. నీళ్లు కలిశాక అది మామూలు గాఢతకు వస్తుంది. మామూలు బ్రాతే పోస్తే నీళ్లు కలిసి సగానికి పలచబడి, ఉన్న బ్యాక్టీరియా కూడా సరిగ్గా పెరగదు. మిగతా పది ట్యూబుల్లో మామూలు గాఢత, ట్యూబుకు 10 మి.లీ. అంటే ఒక్కో శాంపిల్‌కు 200 మి.లీ. మామూలు బ్రాత్‌కు సరిపడా పొడి ఖర్చవుతుంది. 80 శాంపిళ్లు, 10 బ్లాంకులు కలిపి 18 లీటర్లు. డబ్బా మీద లీటరుకు 35 గ్రాములు అని ఉంటే 630 గ్రాములు. 500 గ్రాముల డబ్బా ఒకటి కొంటే ఎనిమిదో విడత పూర్తికాకుండానే అయిపోతుంది. మళ్లీ కొన్నది వేరే బ్యాచ్ అవుతుంది. రెండు డబ్బాలు ఒకే బ్యాచ్ నంబరుతో ఒకేసారి తీసుకోండి.

వారం లెక్క కూడా వేయాలి. నీళ్లు తెచ్చిన రోజు ట్యూబులు పెడితే 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి చూడాలి, ఆ తర్వాత నిర్ధారణకు ఇంకో రోజు. సోమవారం తెస్తే గురువారానికి తేలుతుంది. గురువారం తెచ్చారంటే ఆదివారం వచ్చి గేటు తాళం ముందు నిలబడాలి. సోమ, మంగళవారాలు తప్ప వేరే రోజు ఊళ్లకు వెళ్లొద్దు. కార్తీక పౌర్ణమి, రథయాత్ర, సెమిస్టర్ పరీక్షల తేదీలు క్యాలెండర్ మీద ముందే కొట్టేయండి.

నీళ్లు తేవడం

250 మి.లీ. గాజు సీసాలను 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేయాలి, అంటే ఒత్తిడిలో ఆవిరితో క్రిములు చంపాలి. ఊళ్లో బ్లీచింగ్ చల్లి ఉండొచ్చు కాబట్టి ఆటోక్లేవ్‌కు ముందే ప్రతి సీసాలో క్లోరిన్‌ను విరిచే 3 శాతం సోడియం థయోసల్ఫేట్ 0.2 మి.లీ. వేయండి. లేకపోతే బస్సులో వచ్చే రెండు గంటలూ క్లోరిన్ తన పని తాను చేసుకుంటూ పోతుంది. ఊళ్లో ఉన్న నీరు ఒకటి, మీరు పరీక్షించేది మరొకటి అవుతుంది. మిగులు క్లోరిన్ ఎంతుందో అక్కడికక్కడే కిట్‌తో చూసి రాసుకోండి. థయోసల్ఫేట్ ఉన్న సీసాలోంచి మాత్రం చూడకండి, ఎప్పుడూ సున్నా వస్తుంది.

బోరింగు దగ్గర మూతిని స్పిరిట్‌తో తుడిచి రెండు మూడు నిమిషాలు కొట్టి నీళ్లు వదిలేశాక పట్టాలి. ఇంట్లో మాత్రం ఏదీ తుడవకండి, కడగకండి. 'అమ్మా, తాగడానికి ఒక గ్లాసు నీళ్లిస్తారా' అని అడిగి చూస్తూ ఉండండి. బిందె మీద మూత ఉందా, చెంబు ముంచారా వంచారా, ముంచినప్పుడు వేళ్లు నీళ్లను తాకాయా. 'చెయ్యి ముంచుతారా' అని అడిగితే ఎవరూ ముంచుతామని చెప్పరు. ఆ గ్లాసులో నీళ్లనే సీసాలోకి వంపండి, ఆ ఇంటివాళ్లు నిజంగా తాగేది అదే. ఇలా గమనిస్తామన్నది సమ్మతి పత్రంలో ముందే రాసి ఉండాలి. నీళ్లు తెచ్చి ఎన్ని గంటలైంది, కాచారా, వడకట్టారా, బిందె మూతి వెడల్పా ఇరుకా, ఇలా ఆరేడు ప్రశ్నలు చాలు. నలభై ప్రశ్నల ఫారం తెస్తే పదో ప్రశ్న దగ్గర ఆవిడ పొయ్యి వైపు చూస్తుంది, మీరు మిగతావి ఊహించి నింపుతారు.

సీసాలో పైన రెండు వేళ్ల ఖాళీ ఉండాలి, లేకపోతే కుదపడం కుదరదు. ఐసు పెట్టెలో నిలువుగా పెట్టండి. కరిగిన ఐసు నీళ్లలో మూతలు మునిగితే అన్నీ పోయినట్టే. ఆరు గంటల్లో ట్యూబుల్లో పడాలి, 24 గంటలు దాటితే పారబోయడమే. అందుకే కాలేజీకి రెండు గంటల ప్రయాణం లోపు ఊళ్లే ఎంచుకోండి. ప్రతి విడతలోనూ ఆటోక్లేవ్ చేసిన డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి వెంట తీసుకెళ్లి, ఊళ్లో మూత తీసి, వేరే స్టెరైల్ సీసాలోకి వంపి తెండి. దాంట్లో ఇ. కోలై వస్తే ఆ రోజు పనిలో ఎక్కడో చెయ్యి తగిలింది. ఆ విడత మొత్తం మళ్లీ చేయాలి.

ఒకే బోరింగు నీళ్లు తాగే పది ఇళ్లు తీసుకుని పది మూలాలు అని లెక్క వేయకండి. మూలం ఒకటే, దాన్నే పదిసార్లు కొలిచినట్టు. ఒక్కో బోరింగుకు ఒక్క ఇల్లే తీసుకోండి. ఆ ఇల్లు ఏదో చీటీ తీసి తేల్చాలి. తెలిసిన పిన్నిగారి ఇల్లు, టీ ఇచ్చే ఇల్లు ఎంచుకుంటే శుభ్రమైన ఇళ్లే మీ లెక్కలోకి వస్తాయి.

సీసా మీద 'బోరింగు', 'బిందె' అని రాయకుండా ఒక కోడ్ నంబరు వేయండి. ఏ నంబరు దేనిదో ఉన్న కాగితం గైడు దగ్గర ఉండాలి. ట్యూబు చూసేవాళ్లకు అది బిందె నీళ్లని తెలిస్తే అనుమానంగా ఉన్న చిన్న బుడగ కూడా గ్యాస్‌గా కనబడుతుంది.

ల్యాబులో

డర్హామ్ ట్యూబు తలకిందులుగా వేసినప్పుడు దాన్నిండా గాలే ఉంటుంది. ఆటోక్లేవ్‌లో ఆ గాలి పోయి, చల్లారుతున్నప్పుడు బ్రాత్ ఎక్కుతుంది. తొందరపడి ప్రెషర్ వదిలితే బ్రాత్ పొంగి దూది తడిసిపోతుంది, లోపల బుడగలు మిగులుతాయి. ప్రెషర్ దానంతట అదే సున్నాకు వచ్చేదాకా ఆగండి. నీళ్లు పోసే ముందు ప్రతి ట్యూబునూ వెలుతురుకెత్తి చూసి, బుడగ ఉన్నదాన్ని పక్కన పడేయండి. ఈ ఐదు నిమిషాల పని మానేయడం వల్లే 'అన్ని శాంపిళ్లూ పాజిటివ్' అనే వింత రిపోర్టులు పుడతాయి.

సీసాను 25 సార్లు గట్టిగా కుదిపి పోయండి. పిపెట్ నోటితో పీల్చడం ఏ కారణం చేతా వద్దు. 37 డిగ్రీల దగ్గర పెట్టి, రంగు పసుపుకు మారి లోపల గ్యాస్ ఉన్నవి 24 గంటలకు ఒకసారి, మిగిలినవి 48 గంటలకు ఒకసారి ఏరుకోవాలి.

మే నెలలో ఒక చిక్కు ఉంది. మామూలు ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. గది 41 డిగ్రీలుంటే లోపల 37 ఎలా ఉంటుంది? బయట డయల్ 37 చూపిస్తూనే ఉంటుంది. లోపల ఒక థర్మామీటర్ నీళ్ల ట్యూబులో ముంచి పెట్టి ఉదయం, సాయంత్రం రాయండి. చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటర్ ఉంటే ఎండాకాలంలో అదే వాడండి. కరెంటు పోయిన సమయం, వచ్చిన సమయం నోటుబుక్కులో పడాలి.

గ్యాస్ వచ్చిన ప్రతి ట్యూబు నుంచి ఒక లూపు బ్రిలియంట్ గ్రీన్ బైల్ బ్రాత్‌లోకి, ఒక లూపు ట్రిప్టోన్ వాటర్‌లోకి వేసి 44 డిగ్రీల వాటర్ బాత్‌లో 24 గంటలు ఉంచాలి. బాత్‌లో నీటి మట్టం ట్యూబులోని బ్రాత్ మట్టానికి పైన ఉండాలి. వేడి తగ్గితే ఇతర కోలిఫాంలు (ఇ. కోలై లాంటి బ్యాక్టీరియా) కూడా పెరిగిపోతాయి, ఎక్కువైతే ఇ. కోలై కూడా నీరసిస్తుంది. మొదటి దాంట్లో గ్యాస్, రెండో దాంట్లో కోవాక్స్ రీఏజెంట్ నాలుగైదు చుక్కలకు పైన ఎర్రటి ఉంగరం (ఇండోల్ ఉందనే గుర్తు), రెండూ ఉంటేనే ఇ. కోలై అని లెక్క. రీఏజెంట్ గోధుమ రంగుకు తిరిగితే పారేయండి. ప్రతి విడతలోనూ తెలిసిన ఇ. కోలై ఒక ట్యూబులో, ఇండోల్ ఇవ్వని ఎంటరోబ్యాక్టర్ ఇంకో ట్యూబులో పక్కన నడవాలి. చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారం ఎంటీసీసీ నుంచి కాలేజీ పేరు మీద కల్చర్లు తెప్పించుకోవచ్చు.

ఇలా ఖాయమైన ట్యూబుల సంఖ్యను ఎంపీఎన్ పట్టికలో చూడాలి. ఉదాహరణకు 5-3-1 వస్తే 100 మి.లీ.కు 110. అన్నీ సున్నా అయితే 1.8 కంటే తక్కువ, అన్నీ వస్తే 1,600 కంటే ఎక్కువ. తాగునీటికి ఐఎస్ 10500:2012 ప్రమాణం ప్రకారం 100 మి.లీ.లో ఇ. కోలై అసలు ఉండకూడదు.

వాడేసిన ట్యూబులు సింకులో వంపకండి. 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు మళ్లీ ఆటోక్లేవ్ చేశాకే కడగాలి.

లెక్క తేల్చడం

బోరింగు, బిందె జతగా వచ్చాయి కాబట్టి లెక్క కూడా జతగానే వేయాలి. రెండు సగటులు తీసి మామూలు టీ-టెస్ట్ కొట్టడం తప్పు. ఊహకు ఒక ఉదాహరణ: 40 జతల్లో 14 చోట్ల రెండూ శుభ్రం, 8 చోట్ల రెండూ మురికి, 15 చోట్ల బోరింగు శుభ్రం బిందె మురికి, 3 చోట్ల బోరింగు మురికి బిందె శుభ్రం. ప్రశ్నకు జవాబు చెప్పేవి ఆఖరి 18 జతలే. ఇలాంటి జతల అవును-కాదు లెక్కకు వాడే మెక్‌నెమార్ పరీక్షలో 15 నుంచి 3 తీస్తే 12, అందులో 1 తీస్తే 11, దాని వర్గం 121ని 18తో భాగిస్తే 6.72. ఇది ఒక శాతం స్థాయికి హద్దైన 6.63ను దాటింది కాబట్టి ఆ స్థాయిలో కూడా నిలబడుతుంది. తేడా ఉన్న జతలు పది లోపే ఉంటే ఈ సూత్రం వదిలేసి బైనోమియల్ లెక్క వేయండి. అప్పుడు ఆరు జతలు ఉంటే ఆరూ ఒకే వైపు ఉండాలి, పీ-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇలా వచ్చే అవకాశం, 0.05 లోపు ఉండాలి) 0.031 వస్తుంది. ఐదే ఉంటే, ఐదూ ఒకే వైపు ఉన్నా 0.0625 దగ్గర ఆగిపోతుంది. ఎన్ని ఇళ్లు కావాలో అంచనా వేసేటప్పుడు ఈ లెక్క పక్కన పెట్టుకోండి.

వానాకాలంలో బోరింగులే ఎక్కువగా మురికిగా ఉంటే అవును-కాదు లెక్క ఏమీ చెప్పదు. అప్పుడు ఎంపీఎన్ అంకెలను లాగ్‌లోకి మార్చి విల్కాక్సన్ జతల పరీక్ష చేయాలి. '1.8 కంటే తక్కువ' అన్నదానికి ఏ అంకె వేస్తారో డేటా చూడకముందే నిర్ణయించి రాసిపెట్టండి. చాలామంది సగం, అంటే 0.9 వేస్తారు.

అసలు పనికి ముందు నాలుగు ఇళ్లతో ఒక విడత అంతా నడిపి చూడండి. మరిచిపోయిన మార్కర్ పెన్ను నుంచి అందని బస్సు దాకా అన్నీ అప్పుడే బయటపడతాయి. ఆ నాలుగు ఇళ్ల అంకెలను చివరి లెక్కలో కలపకండి.

రాయడం, తిరిగి చెప్పడం

పద్ధతుల భాగం పని జరుగుతుండగానే రాసేయండి, ఆరు నెలల తర్వాత ఏ డబ్బా వాడారో గుర్తుండదు. పాత పరిశోధనలకు పబ్‌మెడ్ సెంట్రల్, శోధ్‌గంగ ఉచితం. సారాంశం ఒక్కటే చదివి పేపరు పేరు పెట్టకండి, వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. తేడా ఏమీ కనబడకపోతే అదే రాయండి, ఎన్ని జతల మీద చూశారో పక్కన రాయండి. చెయ్యి ముంచే ఇళ్లలో ఎక్కువ ఇ. కోలై కనబడినా 'చేతి వల్లే' అని రాయలేరు. ఆ ఇళ్లలో నీళ్లు ఎక్కువసేపు నిలవ ఉండి ఉండొచ్చు.

ఫలితం ఇళ్లకు చెప్పడం రిపోర్టు అచ్చయ్యేదాకా ఆపకండి. ఇ. కోలై తేలిన ఇంటికి ఆ వారమే వెళ్లి, నీళ్లు తెర్లేదాకా కాచి తాగమని చెప్పండి. బోరింగే మురికి అయితే ఊరి ఆశా దీదీకీ, పంచాయతీకీ, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుకూ గైడు సంతకంతో కాగితం ఇవ్వండి. ఊరి పేరుతో వాట్సాప్‌లో మాత్రం పెట్టకండి. ఇళ్ల పేర్లున్న కోడ్ కాగితం ఎన్నాళ్లు, ఎవరి దగ్గర ఉండాలో ఎథిక్స్ దరఖాస్తులో మీరే రాసి ఉంటారు, అలాగే అప్పగించండి. పేర్లు లేని ఎక్సెల్ షీటు, నోటుబుక్కు మాత్రం డిపార్ట్‌మెంటులో వదిలి వెళ్లండి. వచ్చే ఏడాది పిల్లలు అవే బోరింగుల దగ్గర వేరే కాలంలో కొలుస్తామంటే మొదలుపెట్టడానికి అవి కావాలి.